కట్టిన, కట్టినా: రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గవర్నర్ గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. పుట్టింది, చదివింది తెనాలిలో. పెళ్లయి ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్లు. ఫోన్లో రికార్డయిన మాటలు విని, ఉన్నవి ఉన్నట్టు తెలుగులో టైపు చేసి పంపడం నా పని. ఆ మాటలు ఎవరివో, ఏ కంపెనీవో మాకు చెప్పరు. ఫైలుకో నంబరు, ఆడియో నిమిషానికి ఇంతని రేటు. తొమ్మిదేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఫోన్లో అన్న మాటను యంత్రం రాసిన తీరు చూసి మనిషిని తప్పుపట్టే పద్ధతి గురించి మీకు ఈ లేఖ. ఇది రాయడానికి నాకున్న అర్హతల్లో నా పని మొదటిది. రెండోది, మా మామయ్య ఆటో అప్పు.

మామయ్యకు అరవై ఎనిమిదేళ్లు. మా మరిది కోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో ట్రాలీ ఆటో మీద అప్పు తీసుకున్నారు. నెల కిస్తు 6,840 రూపాయలు. అయిదో తారీఖున ఖాతాలోంచి దానంతటదే కట్ అయిపోతుంది. పోయిన ఏడాది మార్చిలో ఖాతాలో మూడు వందలు తగ్గి, కట్ అవలేదు. మూడో రోజు పొద్దున కంపెనీ తరఫున ఒక కుర్రాడు బండేసుకుని వచ్చాడు. కిస్తు, దాని మీద బౌన్స్ చార్జీ 590, కలిపి 7,430 నగదు లెక్కపెట్టుకున్నాడు. రసీదు అడిగితే "ఫోన్‌కి మెసేజ్ వస్తది తాతా" అని, అత్తమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. మెసేజ్ రాలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఆ కంపెనీ కాల్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. మామయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని మాట్లాడారు. నేను వంటింట్లో ఉన్నాను, పోపు చప్పుడులో సగమే వినబడింది. నాలుగు నిమిషాల పైనే మాట్లాడి, "అంత చెప్పిన బిడ్డా, ఆ పిల్లకు సమజైంది" అని ఫోన్ పక్కన పెట్టారు. ఆ పిల్లకు సమజైందో లేదో తెలియదు గానీ, ఆ పిల్ల వెనక ఉన్న కంప్యూటర్‌కు మాత్రం ఇంకోలా సమజైంది.

మేలో బ్రాంచికి రమ్మన్నారు. మామయ్యతో నేనూ వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్ తెరను మా వైపు తిప్పి చూపించాడు. పైన ఇంగ్లీషులో రెండు లైన్ల సారాంశం: కస్టమర్ మార్చి కిస్తు కట్టలేదని ఒప్పుకున్నాడు, రసీదు ఇస్తేనే కడతానంటున్నాడు. దాని కింద తెలుగులో మొత్తం సంభాషణ. "మీ మామగారే చెప్పారు మేడమ్, మేం రాసింది కాదు. కాల్ అంతా ఆటోమేటిగ్గా టెక్స్ట్ అవుతుంది" అన్నాడు. మాకొక కాపీ ఇవ్వమని చాలాసేపు బతిమాలితే ఆ పేజీ ప్రింటు తీసిచ్చాడు. ఆడియో వినిపించమంటే, "అది ఇవ్వడానికి మాకు పర్మిషన్ ఉండదండి."

ఆ కాగితం మీద మామయ్య మాట ఇలా ఉంది. కామా, ఫుల్‌స్టాపు ఏమీ లేకుండా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మార్చిది కట్టినా బిడ్డ మీ పిల్లగాడి వచ్చిండు ఇంటికి పైసలు తీసుకపో రసీదు ఇయ్యాలె మళ్ళ ఎట్లా కట్టలే"

చదువుకున్న తెలుగువాడెవడైనా దీన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? మార్చిది కట్టినా సరే రసీదు ఇవ్వాలి, పైసలు తీసుకుపో, ఎట్లాగూ కట్టలేదు. అంటే ఒప్పుకున్నట్టే. ఇంగ్లీషు సారాంశం రాసిన యంత్రం ఆ లెక్కన తప్పేమీ చేయలేదు.

మామయ్య ఫోన్ మా మరిది కొనిచ్చింది. ఇంటికొచ్చాక చూస్తే, ప్రతి కాల్ దానంతటదే రికార్డయ్యే సెట్టింగ్ అందులో ఆన్ చేసి ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఏప్రిల్ కాల్ అందులో దొరికింది. నేను రాత్రి పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. మామయ్య అన్నది ఇదీ:

"మార్చిది కట్టిన బిడ్డా. మీ పిలగాడే వచ్చిండు ఇంటికి. పైసలు తీస్కపోయిండు. రసీదియ్యలే. మల్ల ఎట్ల కట్టాలె?"

కట్టాను, మీ కుర్రాడే ఇంటికొచ్చి డబ్బు తీసుకుపోయాడు, రసీదు ఇవ్వలేదు, మళ్లీ ఎలా కట్టాలి? ఇంతకంటే సూటిగా ఎవరైనా ఏం చెప్పగలరు సార్?

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. "కట్టిన" అంటే మా హనుమకొండ వైపు "నేను కట్టాను" అని. చివర ఒక దీర్ఘం తగిలిస్తే "కట్టినా", అంటే "కట్టినప్పటికీ". "ఇయ్యలే" అంటే ఇవ్వలేదు. దీర్ఘం ఒక్క అక్షరం ముందుకు జరిగితే "ఇయ్యాలె", ఇవ్వాలి అని. "కట్టాలె" సరిగ్గా అటు నుంచి ఇటు జరిగి "కట్టలే" అయింది. "ఎట్ల" ప్రశ్న, దాన్ని "ఎట్లా" చేసి ఎట్లాగూ కట్టలేదన్నట్టు చదువుకున్నారు. ఇక "తీస్కపోయిండు"లో "యిండు" ఎక్కడికి పోయిందా అని ఆ ముక్కను పదిసార్లు విన్నాను. సరిగ్గా అక్కడ ఆ అమ్మాయి "సార్, సార్, ఒక్క నిమిషం సార్" అని అడ్డుపడింది. ఆమె గొంతు కింద మామయ్య మాట తోక మునిగిపోయింది. తీసుకుపోయాడన్నది తీసుకుపొమ్మన్నట్టయింది.

యంత్రాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. ఈ తప్పు నేనూ చేశాను. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తమ్మ వాళ్ల చెల్లెలింటికి వెళ్లి, అక్కణ్నుంచి ఫోన్ చేసింది. "పక్కింటోళ్లు అడిగిండ్రు గని, గ్యాస్ బండ ఇయ్యలే" అంది. నేను "ఇయ్యాలె" అని విన్నాను. ఉన్న ఒక్క నిండు సిలిండర్ పక్కింటికి దొర్లించుకెళ్లి ఇచ్చి వచ్చాను. మర్నాడు ఇంట్లో గ్యాస్ అయిపోయింది. "నేను ఇయ్యలే అంటె నువ్వు ఇచ్చినవా?" అని అత్తమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. మా తెనాలి మాటలో ఇవ్వలేదు, ఇవ్వాలి అన్నవి ఒకదానికొకటి అంత దూరంగా ఉంటాయి మరి. అలాగని మా వైపు మాట ఏమంత భద్రం కాదు. "కట్టాను" అంటే డబ్బు కట్టేసినవాడు, "కట్టను" అంటే మొండికేసినవాడు. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘమే. అంకెల సంగతి సరేసరి. ఫోన్లో ఇరవై, అరవై అన్నప్పుడు మొదటి అచ్చు మింగుడుపడితే మిగిలేది "రవై". ఇరవై వేలా, అరవై వేలా అని తేల్చుకోలేక నేను వదిలేసిన చోట్లు లెక్కలేనన్ని.

వదిలేయడం అన్నాను కదా, మా పనిలో మొదటి నియమం అదే. వినబడకపోతే "వినబడలేదు" అని రాసి, ఎన్నో నిమిషం ఎన్నో సెకనో వేయాలి. ఊహించి రాయకూడదు. యంత్రానికి ఈ సిగ్గు లేదు. దానికి వినబడినా వినబడకపోయినా ఏదో ఒకటి రాస్తుంది, అదీ అచ్చమైన అక్షరాల్లో, కొట్టివేతలు లేకుండా. ఎక్కడ ధైర్యంగా రాసిందో, ఎక్కడ గుడ్డిగా రాసిందో కాగితం చూస్తే తెలియదు. 2024లో అమెరికాలో కార్నెల్, ఇంకా కొన్ని విశ్వవిద్యాలయాల పరిశోధకులు విస్పర్ అనే పేరున్న యంత్రాన్ని పరీక్షించారు. 6,80,000 గంటల ఆడియోతో నేర్పిన యంత్రమది. వాళ్లు పెట్టిన ఇంగ్లీషు ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతం చోట్ల, ఎవరూ అనని వాక్యాలను అది సొంతంగా అల్లి రాసింది. మాట ఆగి మౌనంగా ఉన్నచోట్ల ఈ అల్లిక ఎక్కువ. ఇంగ్లీషుకే ఇలా ఉంటే మన సంగతి ఆలోచించండి.

యాస సంగతీ కొత్తదేమీ కాదు. 2020లో అమెరికాలోనే అయిదు పెద్ద కంపెనీల యంత్రాల మీద ఒక పరిశోధన జరిగింది. తెల్లజాతి వారి మాటల్లో వందకు 19 తప్పు రాస్తే, నల్లజాతి వారి మాటల్లో వందకు 35 తప్పు రాశాయి. అందరూ మాట్లాడింది ఇంగ్లీషే. యంత్రం విన్నదాన్ని మాత్రమే రాయదు. తను నేర్చుకునేటప్పుడు ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువగా చూసిందో దాన్నిబట్టి ఊహిస్తుంది. వార్తల్లో, పాఠాల్లో, పుస్తకాల్లో "కట్టాను" ఉంటుంది, "కట్టినా" ఉంటుంది. వాక్యం చివర "కట్టిన" అని క్రియగా ఎన్నిచోట్ల ఉంటుంది? కాళోజీ తిరిగిన ఊరు మాది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, బళ్లో మా పాపతో యాస మీద వ్యాసం కూడా రాయించారు. ఆ యాసలో ఒక పెద్దాయన ఫోన్లో మాట్లాడితే మాత్రం ఎగ్గొట్టేవాడైపోయాడు.

ఇంకో చిన్న సంగతి. ఇది కార్యాలయాల్లో ఉండేవాళ్లకు తట్టదు, చెవితో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. తెలుగువాడు ఫోన్లో "ఊఁ" అంటే సరే అని కాదు, వింటున్నాను చెప్పు అని. అవతలివాడు మాట్లాడుతున్నంతసేపూ ఊఁ కొట్టకపోతే లైన్ కట్ అయిందనుకుంటారు. "ఆఁ" అని గొంతు కిందికి దిగితే అవును. అదే "ఆఁ?" అని పైకి లేస్తే, ఏమన్నావు, మళ్లీ చెప్పు. "అఁహఁ" అంటే కాదు. కాగితం మీద ఇవన్నీ ఒకేలా ఉంటాయి, లేదా అసలు ఉండవు. నాకు పని ఇచ్చే ఒక ఏజెన్సీ సూచనల్లో "అనవసర శబ్దాలు తీసేయాలి" అని ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల "అమ్", "అహ్" లాంటివని వాళ్ల ఉద్దేశం. మనకు అవి జవాబులు. "ఈ నెలాఖరుకు కడతారా?" అన్నదానికి ఒక ముసలాయన "ఆఁ?" అంటే, కడతానని మాటిచ్చినట్టు రాసి ఉన్న ఫైలు నా చేతిలోంచే వెళ్లింది. దిద్దాను. ఆ తర్వాత అది దిద్దినట్టే ఉందో లేదో నాకు తెలియదు. ఇక "చూద్దాంలే" అన్న మాటకు ఏ డిక్షనరీలో చూసినా దొరకని అర్థం మనకందరికీ తెలుసు.

ఫోన్ లైన్ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మామూలు టెలిఫోన్ లైన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాన్నే మోస్తుంది, సెకనుకు 8,000 నమూనాలు. మన గొంతులో స, శ, ఫ లాంటివాటి పదును చాలావరకు దానికి పైనే ఉంటుంది. 4జీ ఫోన్లలో గొంతు స్పష్టంగా వస్తోంది నిజమే గానీ, కాల్ సెంటర్ల దాకా వెళ్లేసరికి చాలాసార్లు మళ్లీ పాత కొలతకే కుదించుకుపోతుంది. దాన్ని చోటు కలిసొస్తుందని ఇంకా నొక్కి దాస్తారు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఇద్దరి గొంతులనూ ఒకే ట్రాక్‌లో కలిపేయడం. నాకొచ్చే ఫైళ్లలో ఇద్దరి గొంతులూ వేర్వేరుగా ఉన్నవి హాయిగా ఉంటాయి. కుడి చెవిలో కస్టమర్, ఎడమ చెవిలో కంపెనీ మనిషి. ఒకరి మీద ఒకరు పడినా విడదీసి వినొచ్చు. కలిపేసిన ఫైలు చారులో పెరుగు కలిపినట్టే, ఇక విడదీయలేం. మా మామయ్య "యిండు" పోయింది అక్కడే అయ్యుంటుంది.

సరే, మళ్లీ బ్రాంచి సంగతికి వస్తాను. మా దగ్గరున్న ఆడియో తీసుకుని వెళ్తే ఈసారి మేనేజరే మాట్లాడారు. "ఫోన్ రికార్డింగులు చెల్లవు మేడమ్" అన్నారు. వాళ్ల రికార్డింగ్ నుంచి పుట్టిన కాగితం చెల్లుతుంది, మా రికార్డింగ్ చెల్లదు! కోపం కంటే ముందు నవ్వొచ్చింది. నేను లాయర్ను కాను గానీ మా చిన్నాన్న కోర్టులో పనిచేసి రిటైరయ్యారు, ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. బొంబాయిలో ఒక అధికారి లంచం అడిగిన ఫోన్ సంభాషణ టేపును సుప్రీంకోర్టు 1972లోనే సాక్ష్యంగా ఒప్పుకుంది. 1985లో ఇంకో కేసులో ఆ టేపుకు ఏమేం ఉండాలో చెప్పింది. గొంతు ఎవరిదో గుర్తుపట్టాలి, చెరపలేదని చూపాలి, వేరే చప్పుళ్లలో మాట మునిగిపోకుండా స్పష్టంగా వినబడాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ పెట్టాలి, ఫైలు మారలేదని తెలిపే హ్యాష్ విలువ అందులో రాయాలి. అంటే కోర్టులో అసలు ఆడియోకే ఇన్ని పరీక్షలు. బ్రాంచి కౌంటర్లో మాత్రం ఆడియో నుంచి తీసిన తెలుగు, ఆ తెలుగు నుంచి తీసిన ఇంగ్లీషు, ఆ ఇంగ్లీషులో రెండు లైన్లు, అంతే. దాన్ని చూసి ఒక మనిషి సిబిల్ స్కోరు తేలిపోతుంది.

ఇప్పుడు మీ సంగతి. 2008 ఏప్రిల్‌లో రికవరీ ఏజెంట్ల గురించి బ్యాంకులకు మీ సంస్థ ఇచ్చిన సర్క్యులర్‌లో, ఏజెంట్లు కస్టమర్లకు చేసే కాల్స్, కస్టమర్లు వాళ్లకు చేసే కాల్స్ టేపు చేయాలని ఉంది. రికార్డవుతోందని కస్టమర్‌కు చెప్పడం లాంటి జాగ్రత్తలు తీసుకోవచ్చని కూడా ఉంది. 2022 ఆగస్టులో పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయొద్దని ఫైనాన్స్ కంపెనీలకూ చెప్పారు. అప్పట్లో టేపు చేయమన్నది ఎందుకు? ఏజెంటు బూతులు తిడితే పట్టుకోవడానికి, అప్పు తీసుకున్నవాడికి రక్షణగా. పదిహేడేళ్లు గడిచేసరికి ఆ టేపు అతని మీదకే తిరిగింది, అతనికి మాత్రం వినిపించరు. "నాణ్యత, శిక్షణ కోసం ఈ కాల్ రికార్డ్ చేయబడుతోంది" అని ప్రతిసారీ చెబుతారు. ఎవరి నాణ్యత?

మీరు 2024 డిసెంబరులో వేసిన కమిటీ, ఆర్థిక సంస్థల్లో కృత్రిమ మేధ వాడకం గురించి, 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఏడు సూత్రాలు, 26 సిఫార్సులు. మనిషికి మొదటి స్థానం, న్యాయం, జవాబుదారీతనం అన్నీ అందులో ఉన్నాయి. కమిటీకి అధ్యక్షత వహించిన పుష్పక్ భట్టాచార్య గారు భారతీయ భాషల కంప్యూటింగ్‌లో దశాబ్దాలుగా పనిచేస్తున్నవారు, దీర్ఘానికీ హ్రస్వానికీ ఉన్న తేడా ఆయనకు నేను చెప్పనవసరం లేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి అతని డేటాను వాడితే అది కచ్చితంగా, పూర్తిగా ఉండేలా చూడాల్సిన బాధ్యత దాన్ని వాడేవాళ్లదేనని అందులో ఉంది. తప్పుంటే దిద్దమని అడిగే హక్కూ ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. కానీ అందులో, తన డేటా అడిగినవాడికి ఇవ్వాల్సింది "సారాంశం" అని ఉంది. మా గొడవంతా సారాంశంతోనే కదండీ.

అందుకే ఆ చట్టం కోసం ఎదురుచూడకుండా మిమ్మల్ని అడుగుతున్నాను. మీ కింద ఉన్న ఏ బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా ఒక ఫోన్ సంభాషణ టెక్స్ట్‌ను చూపించి కస్టమర్‌ను తప్పుపడితే, ఆ ఆడియోను కూడా అతని చేతికి ఇవ్వాలి. అడిగిన వారంలోపు, ఉచితంగా. ఇవ్వలేకపోతే ఆ టెక్స్ట్‌ను పక్కన పెట్టాలి. నేను కోరే అసలు విషయం ఇదొక్కటే. మిగతావి దీని వెనక నడిచొస్తాయి. ఆడియో బయటికి వస్తుందని తెలిస్తే ఇద్దరి గొంతులూ వేర్వేరు ట్రాకుల్లో దాచడం కంపెనీలే నేర్చుకుంటాయి. ఫిర్యాదు తేలేదాకా ఫైలు చెరపరు. సారాంశం మీద ఆధారపడే ముందు ఆ ప్రాంతం మాట తెలిసిన మనిషి చేత ఒకసారి వినిపిస్తారు. వరంగల్ కాల్‌ను వరంగల్ మనిషి, కర్నూలు కాల్‌ను కర్నూలు మనిషి, శ్రీకాకుళం కాల్‌ను శ్రీకాకుళం మనిషి. వినేవాళ్లకు ఒక కిటుకు కూడా చెప్తాను. యంత్రం రాసింది ముందు చూడొద్దు. ముందు విని, తర్వాత చదవాలి. ఒకసారి చదివాక కన్ను చూసిందే చెవికి వినబడుతుంది. మామయ్య ఆడియో మొదటిసారి నేను ఆ ప్రింటు ముందు పెట్టుకునే విన్నాను, నాకూ "కట్టినా" అనే వినబడింది. కాగితం తిప్పి బోర్లా పెట్టి మళ్లీ విన్నాక తేలింది.

రికార్డింగ్ అంటే భయపడేవాళ్లు ఉన్నారు, వాళ్ల భయంలో న్యాయముంది. భార్య ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసిన భర్తది తప్పని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు వేరే కేసులో అలాంటి రికార్డింగులను విడాకుల వ్యాజ్యాల్లో చూడొచ్చంది. ఈ వాదన ఇంకా ఎంతకాలం నడుస్తుందో. గూగుల్ 2022 మే నుంచి తన స్టోర్‌లో కాల్ రికార్డింగ్ యాప్‌ల దారి మూసింది. ఆపిల్ 2024 అక్టోబరులో రికార్డింగ్, దాన్ని టెక్స్ట్ చేయడం రెండూ తెచ్చింది గానీ, రికార్డవుతోందని ఇద్దరికీ వినిపిస్తుంది. వచ్చినప్పుడు ఆ టెక్స్ట్ భాషల్లో తెలుగు లేదు. మనుషుల మధ్య మాటకు మర్యాద ఉండాల్సిందే. కానీ నేను చెప్పేది ఇంట్లో వాళ్ల మాటల గురించి కాదు. కంపెనీయే ఫోన్ చేసి, కంపెనీయే రికార్డు చేసి, ఆ రికార్డు ఉందని కంపెనీయే చెప్పిన కాల్ గురించి. అందులో సగం గొంతు మా మామయ్యది.

ఈ యంత్రాల మీద నాకు పగేమీ లేదు. నాకు ఇప్పుడొచ్చే పనిలో సగానికి పైగా అవి రాసింది దిద్దడమే. రేటు తగ్గింది, అది వేరే ఏడుపు. ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ వాళ్లు 22 భాషల్లో మామూలు మనుషుల మాటలు పోగేశారు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగు మీద ఏళ్లుగా పని జరుగుతోంది, కేంద్రం 2022లో భారతీయ భాషల కోసం భాషిణి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్లకు మామయ్య "కట్టిన"ను సరిగ్గా రాసే యంత్రం వస్తుందనే నమ్మకం నాకుంది. అప్పుడు కూడా ఆడియో ఇవ్వమనే అడుగుతాను.

మా కేసు ఏమైందో చెప్పకపోతే బాగుండదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం. ముప్పై రోజులు దాటితే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే మీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామని కాగితాలు సిద్ధం చేసుకున్నాం. ఇరవై ఏడో రోజు ఫోన్ చేసి, "మీ మార్చి పేమెంట్ సిస్టమ్‌లో అప్‌డేట్ అయింది సార్" అన్నారు. ఎవరి వల్ల ఆగిందో, డబ్బు తీసుకున్న కుర్రాడు ఏమయ్యాడో చెప్పలేదు. ఈలోగా పడిన ఇంకో 590 తిరిగి రాలేదు. ఒప్పుకున్నాడన్న ఆ రెండు లైన్లు వాళ్ల కంప్యూటర్లో ఇంకా ఉన్నాయో తీసేశారో అడిగితే, "అవి మాకు కనబడవండి, హెడాఫీసువి" అన్నారు.

పోయిన వారం మళ్లీ ఆ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, ఇన్సూరెన్స్ గురించి. మామయ్య మంచం మీంచి లేచి, చెప్పులు విడిచి, బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నిలబడ్డారు. "నేను... ఈ నెల... డబ్బులు... చెల్లించాను" అన్నారు. ఈ పద్నాలుగేళ్లలో ఆయన నోట "చెల్లించాను" అన్న మాట నేను వినలేదు, అత్తమ్మ కూడా విననే లేదట. అవతలి అమ్మాయి అడిగింది ఇన్సూరెన్స్ రెన్యువల్ చేస్తారా అని. "చేయించెదను" అన్నారు. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తున్నాను. ఫోన్ పెట్టేసి, చెమట తుడుచుకుని నన్నడిగారు:

"గిట్లంటె మంచిగ రాసుకుంటది కద బిడ్డా?"

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక టైపిస్టు